గోడౌను డోర్ నంబరు అడిగిన ఏజెంటు: షాపు ఇన్సూరెన్సులో లోకల్ మనిషి విలువ ఎంత?

షాపు పాలసీ ఫోన్లోనే ఐదు నిమిషాల్లో కొనేయొచ్చు, మధ్యలో ఏజెంటెందుకు అనేవాళ్లకి నేను చూపించేది మా పాలసీ షెడ్యూల్లోని (ఏ ఆస్తికి, ఎక్కడ, ఎంతకి బీమా అన్న వివరాలుండే కాగితం) అడ్రసు గడి. అందులో షాపు డోర్ నంబరు ఉంది. దాని కిందే వెనక వీధిలో అద్దెకు తీసుకున్న గోడౌను డోర్ నంబరు కూడా ఉంది. ఆ రెండో నంబరు రాయించింది మా ఏజెంటు గారే. ఇన్నేళ్ల వాడకం తర్వాత ఆయన చేసిన పనులన్నిట్లో నేను ముందు పెట్టేది అదే. మిగతావి కొన్ని బాగున్నాయి, కొన్ని అంత బాగాలేవు.

మాది విజయవాడ సింగ్‌నగర్ వైపు నోటుపుస్తకాలు, స్టేషనరీ హోల్‌సేల్. పాలసీ పేరు భారత్ సూక్ష్మ ఉద్యమ్ సురక్ష. ఒకచోట ఉన్న ఆస్తి మొత్తం విలువ 5 కోట్లు మించని వ్యాపారాలకి 2021 ఏప్రిల్ నుంచి జనరల్ ఇన్సూరెన్సు కంపెనీలు ఇస్తున్న స్టాండర్డ్ పాలసీ ఇది. మూల పాలసీలో మాటలు అన్ని కంపెనీలవీ ఒకటే కాబట్టి ఏ కంపెనీ మంచిదన్న చర్చలోకి పోను. తేడా అంతా షెడ్యూల్లో ఏం రాయించామన్న దగ్గరే వస్తుంది.

రెన్యూవల్‌కి నెల ముందు మా ఏజెంటు గారు షాపుకొచ్చి మూడు సంగతులు అడుగుతారు. సరుకు ఎక్కడెక్కడ ఉంది, అది ఎవరి సరుకు, ఏ నెలలో ఎక్కువ ఉంటుంది.

ఎక్కడ అన్నది అడ్రసు గురించి. పాలసీలో రాసిన డోర్ నంబరు లోపల ఉన్న సరుకుకే కవరు. పక్క వీధి గోడౌను, పై వాటా గది, పండగ రద్దీకి రెండు నెలలు తీసుకున్న షెడ్డు, ఇవేవీ వాటంతట అవి లెక్కలోకి రావు. రెండు మూడు చోట్ల సరుకు అటూ ఇటూ తిరుగుతుంటే ఫ్లోటర్ అడగాలి. అప్పుడు మొత్తం ఒకే మొత్తానికి రాసి, చోట్లన్నీ పేరుపేరునా ఎక్కిస్తారు.

ఎవరి సరుకు అన్నది మా వ్యాపారంలో పెద్ద విషయం. గైడ్లు, టెస్ట్ పేపర్లు పబ్లిషర్లు అమ్ముడుపోకపోతే వెనక్కి తీసుకునే పద్ధతి మీద ఇస్తారు. బిల్లు కాకుండా మన దగ్గర పడున్న ఆ పుస్తకాలు మనవి కావు, కానీ తడిస్తే డబ్బు కట్టాల్సింది మనమే. పాలసీలో "ఇతరుల తరఫున ఉంచుకున్న సరుకుతో సహా" అన్న మాట విడిగా రాయించకపోతే వాటి క్లెయిము దగ్గర పేచీ రావచ్చు. ఫోన్లో పాలసీ కొన్నప్పుడు ఈ ప్రశ్న అడిగేవాళ్లు ఉండరు. మెడికల్ ఏజెన్సీలు, జాబ్ వర్కు చేసే టైలరింగ్ యూనిట్లు, రిపేరు షాపులకీ ఇదే వర్తిస్తుంది.

ఏ నెలలో ఎక్కువ అన్నది బీమా మొత్తం ఎంతకి రాయాలన్న దాని కోసం. స్టేషనరీకి మే, జూన్ నెలల్లో గోడౌను పైకప్పు దాకా నిండుతుంది. ఫిబ్రవరి స్టాకు చూసి 20 లక్షలకి రాయించారనుకోండి. నష్టం జరిగిన రోజుకి అసలు స్టాకు 40 లక్షలు, నష్టం 8 లక్షలు. చేతికొచ్చేది 4 లక్షలే, ఎందుకంటే సగానికే బీమా చేయించారు కాబట్టి నష్టంలోనూ సగమే. ఈ పాలసీలో తక్కువ రాయించిన తేడా 15 శాతం దాటకపోతే ఈ కోత వేయరు. అంటే 40 లక్షల స్టాకుకి 34 లక్షలకి రాయించినా నష్టపరిహారం ఈ కారణంతో తగ్గదు. అది దాటితే కోత ఉంటుంది.

బ్యాంకు సీసీ లిమిట్ (సరుకు తాకట్టు మీద వాడుకునే అప్పు) ఉన్నవాళ్లు దీన్ని ఇంకా జాగ్రత్తగా చూడాలి. బ్యాంకే చేయించే పాలసీ చాలాసార్లు అప్పు మొత్తానికే ఉంటుంది, స్టాకు మొత్తానికి కాదు. 15 లక్షల లిమిట్‌కి 15 లక్షల పాలసీ, లోపల సరుకు 35 లక్షలు. బ్యాంకు చేయించింది కదా అని ఊరుకునే షాపులు మా వీధిలోనే చాలా ఉన్నాయి. పైగా బ్యాంకు క్లాజు ఉంటుంది కాబట్టి క్లెయిము డబ్బు ముందు లోను ఖాతాకే పోతుంది. మా ఏజెంటు గారు బ్యాంకుకిచ్చే నెలవారీ స్టాకు స్టేట్‌మెంటు కాపీ అడిగి, దాని మీద వచ్చిన పెద్ద అంకెకి కొంత కలిపి రాయిస్తారు. స్టేట్‌మెంట్లో ఒక అంకె, పాలసీలో ఇంకో అంకె ఉంటే, నష్టం లెక్కకట్టడానికి కంపెనీ పంపే సర్వేయర్ మొదట పట్టుకునేది అదే.

2024 ఆగస్టు 31 రాత్రి, సెప్టెంబరు 1న బుడమేరు వాగు పొంగి సింగ్‌నగర్, పాయకాపురం, వాంబే కాలనీల మీద పడ్డప్పుడు ఇదంతా పరీక్షకొచ్చింది. నీళ్లు ఇంకా తగ్గకముందే ఏజెంటు గారి ఫోను: "సార్, నీళ్లు తీశాక తడిసింది ఒక్కటి కూడా బయట పారేయించకండి. ముందు గోడ మీద నీటి గీత దగ్గర టేపు పెట్టి ఫొటో తీయించండి. పాలసీ నంబరు నా దగ్గరుంది, కంప్లయింటు నేను మెయిల్ పెడుతున్నా." పాలసీ కాగితం గోడౌను టేబుల్ సొరుగులో నానుతున్న సమయంలో ఆయన దగ్గర నంబరు ఉండటం ఎంత పనికొచ్చిందో చెప్పలేను. కంపెనీ టోల్‌ఫ్రీ నంబరు ఆ రోజుల్లో దొరకడమే కష్టమైంది.

నీళ్లు తీశాక మున్సిపాలిటీ వాళ్లు చెత్త ఎత్తుకుపోవడానికి వస్తారు, చుట్టుపక్కల షాపులవాళ్లు అన్నీ రోడ్డు మీద పోసేస్తారు. సర్వేయర్ చూడకముందే సరుకు పోతే లెక్కకి ఆధారం పోయినట్టే. తప్పనిసరిగా తీయాల్సి వస్తే రకానికి ఒక కట్ట పక్కన పెట్టి, మిగతాది తూకం వేయించి, ట్రాలీలోకి ఎక్కించేటప్పుడు వీడియో తీసి పంపాలి. బియ్యం, పప్పులు కుళ్లి వాసన కొట్టే కిరాణా షాపులకి ఇదొక్కటే దారి. బురద తీయించిన కూలీ, ట్రాక్టరు ఖర్చులకి కూడా ఈ పాలసీలో క్లెయిము మొత్తంలో 2 శాతం దాకా ఇస్తారు, కాబట్టి ఆ చీటీలు దాచాలి. వరదొచ్చిన ఏడు రోజుల్లోపు ఖాళీ షాపులో దొంగతనం జరిగితే దానికీ కవరుంది. మామూలు రోజుల్లో దొంగతనానికి మాత్రం బర్గ్లరీ పాలసీ విడిగా ఉండాలి.

అసలు పేచీ కాగితం దగ్గర వచ్చింది. సర్వేయర్ గారు నీటి గీత కొలిచి, దానికి పైన ఉన్న ర్యాకుల సరుకంతా మంచిదిగా రాసుకోబోయారు. బట్టలకో ప్లాస్టిక్ సామానుకో ఆ లెక్క సరిపోతుందేమో. కాగితం అలా కాదు. మూసిన గోడౌనులో రోజుల తరబడి నీళ్లు నిలిస్తే పై ర్యాకులో ఉన్న రీము (తెల్ల కాగితాల కట్ట) కూడా గాలిలోని తేమ పీల్చేస్తుంది. పైన రేపరు పొడిగానే కనపడుతుంది, విప్పితే అంచులు అలలు తిరిగి ఉంటాయి. ఆ కాగితం జెరాక్స్ మిషన్లో పెడితే నాలుగు షీట్లకి ఒకసారి ఇరుక్కుపోతుంది, ఏ షాపువాడూ తీసుకోడు. ఏజెంటు గారు పై వరసలోంచి మూడు రకాల రీములు దింపించి, రేపర్లు విప్పి బల్ల మీద చదునుగా పెట్టారు. పక్కనే బయట కొనుక్కొచ్చిన కొత్త రీము పెట్టారు. రెండూ పక్కపక్కన చూశాక సర్వేయర్ గారు పై సరుకుని పూర్తి నష్టం అనలేదు కానీ విలువ తగ్గినట్టు రాసుకున్నారు. ఎంత తగ్గిందన్న దాంట్లో మా అంచనాకీ వాళ్ల అంచనాకీ చాలా తేడా ఉంది, అది చివరిదాకా పూడలేదు.

తుక్కు ధర ఇంకో చోటు. పాడైన సరుకు అమ్మితే వచ్చే డబ్బుని క్లెయిములోంచి తీసేస్తారు. తడి కాగితం బరువు ఎక్కువ. ఆ బరువుని పొడి కాగితం రేటుతో లెక్కేస్తే లేని డబ్బు వచ్చినట్టు రాసి అంత కోస్తారు. తుక్కు కొనేవాళ్ల దగ్గర "తడి మీద, ఉన్నది ఉన్నట్టు" అని రాయించి మూడు కొటేషన్లు తీసుకోవాలి. మా ఏజెంటు గారు ఈ మాట ముందే చెప్పారు.

కంప్యూటరు మునిగి ట్యాలీ లెక్కలు పోయినవాళ్లు స్టాకు ఎలా రుజువు చేయాలని కంగారు పడ్డారు. దారి ఉంది. కిందటి బ్యాలెన్స్ షీటులో ముగింపు స్టాకు, దానికి జీఎస్టీ పోర్టల్లో 2బీ స్టేట్‌మెంట్లో కనపడే కొనుగోళ్లు కలిపి, మనం వేసే అమ్మకాల రిటర్ను జీఎస్టీఆర్ 1లో చూపిన అమ్మకాల్లోంచి మామూలు లాభం తీసేసిన మొత్తాన్ని తగ్గిస్తే నష్టం రోజు స్టాకు వస్తుంది. సర్వేయర్లు వాడే లెక్కే ఇది. సరుకు విలువ కొన్న ధరకే ఇస్తారు, అమ్మకం ధరకి కాదు.

అయితే జీఎస్టీ దగ్గర ఏజెంటు గారు మాకు సాయపడలేకపోయారు. పాడైపోయిన సరుకు మీద ముందే వాడుకున్న ఇన్‌పుట్ ట్యాక్స్ క్రెడిట్‌ని (కొన్నప్పుడు కట్టిన పన్నుని మనం కట్టాల్సిన పన్నులో తగ్గించుకున్నది) జీఎస్టీ చట్టం సెక్షన్ 17(5) ప్రకారం వెనక్కి కట్టాలి. కంపెనీ మాత్రం మీరు క్రెడిట్ తీసుకున్నారు కదా అని పన్ను లేని ధరకే లెక్కకడుతుంది. రెండు వైపులా మనకే దెబ్బ. రివర్స్ చేసిన పన్నుని కూడా క్లెయిములో అడగాలని, దానికి ఆడిటర్ సర్టిఫికెట్ పెట్టాలని చెప్పింది మా ఆడిటర్ గారే. బీమా మొత్తం రాయించేటప్పుడే ఆ పన్ను కలిపి రాయించుకోవడం మంచిది. ఇది ఏజెంటు తెలుసుకుని ఉండాల్సిన విషయమని నా అభిప్రాయం.

మొదట్లో అందరికీ "క్లెయిము అంతా ఆయనే చూసుకుంటారు" అని చెప్పేవాణ్ణి. ఇప్పుడా మాట కొంచెం సరిచేసుకోవాలి. సర్వేయర్ రిపోర్టు కంపెనీ ఆఫీసులోకి వెళ్లాక ఏజెంటు చేతిలో ఏమీ లేదు. 2024 జూన్‌లో బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ ఇచ్చిన మాస్టర్ సర్క్యులర్ ప్రకారం 24 గంటల్లో సర్వేయర్ని పెట్టాలి, 15 రోజుల్లో రిపోర్టు రావాలి, రిపోర్టు అందిన 7 రోజుల్లో కంపెనీ ఏదో ఒకటి తేల్చాలి. మా ఫైలు మాత్రం నెలల తరబడి టేబుళ్లు మారింది. ఏజెంటు ఆ కంపెనీ మనిషే కాబట్టి గట్టిగా రాతపూర్వకంగా పోట్లాడమంటే వెనకాడతారు. ఆ పని మనమే చేయాలి. ముందు కంపెనీ గ్రీవెన్స్ సెల్‌కి రాయాలి, తర్వాత ఐఆర్‌డీఏఐ ఫిర్యాదుల వెబ్‌సైటు బీమా భరోసా పోర్టల్. కంపెనీ 30 రోజుల్లో జవాబివ్వకపోయినా, ఇచ్చిన జవాబు నచ్చకపోయినా హైదరాబాదులోని ఇన్సూరెన్సు అంబుడ్స్‌మన్‌ (బీమా తగాదాలు విని తేల్చే అధికారి) దగ్గరికి వెళ్లొచ్చు. సొంత పేరు మీద నడిచే షాపులకీ, సూక్ష్మ వ్యాపారాలకీ 50 లక్షల దాకా అక్కడ ఫీజు లేకుండా వింటారు. మేము గ్రీవెన్స్ సెల్‌కి రాసిన తర్వాతే కదలిక వచ్చింది.

ప్రీమియం విషయంలో ఎంత దగ్గరి మనిషైనా నగదు చేతికివ్వొద్దు. డబ్బు కంపెనీకి చేరనిదే కవరు మొదలవదు. ఏజెంటు తీసుకున్న డబ్బు సెలవులు మినహా 24 గంటల్లో జమ చేయాలన్నది చట్టమే అయినా, ఆ మధ్యలో నిప్పంటుకుంటే గొడవ మనకి. కంపెనీ పంపే లింకు మీద మన ఖాతాలోంచి కట్టి, పాలసీలో మొదలయ్యే తేదీ, సమయం చూసుకోవాలి. కమీషన్లో వాటా ఇస్తాననే ఏజెంటు దగ్గరికి పోవద్దు. అది చట్టరీత్యా నేరం, పైగా అలాంటివాళ్లు గోడౌను చూడటానికి రారు.

మాకు ఏజెంటు పనికొచ్చాడంటే కారణాలు మావి: పల్లపు ప్రాంతం, రెండు చోట్ల సరుకు, అందులో కొంత పబ్లిషర్లది, బ్యాంకు సీసీ, లెక్కలకి వేరే మనిషి లేకపోవడం. మొదటి అంతస్తులో ఒకే గది, సొంత సరుకు, అప్పు లేని సెల్‌ఫోన్ల షాపువాళ్లకి ఇంత అవసరం ఉండకపోవచ్చు. వాళ్లు షెడ్యూలు జాగ్రత్తగా చదువుకుని నేరుగా కొనుక్కున్నా సరిపోతుంది. స్టాకు కోట్లలో ఉన్నవాళ్లు ఒకే కంపెనీకి కట్టుబడ్డ ఏజెంటు కన్నా, నాలుగు కంపెనీల రేట్లు తెచ్చి కొనేవాళ్ల తరఫున మాట్లాడే బ్రోకర్ని చూసుకోవడం నయం.

వచ్చే ఫిబ్రవరి రెన్యూవల్‌కి మేము ఆయన దగ్గరే ఉంటున్నాం. గోడౌను పై వాటా కూడా అద్దెకు తీసుకున్నాం కాబట్టి ఈసారి ఫ్లోటర్‌కి మారుస్తున్నాం, జీఎస్టీ కలిపిన విలువకి రాయమని ముందే మెయిల్ పెట్టాం. పై వాటా కొలతలు తీసుకోవడానికి సంక్రాంతి తర్వాత వస్తానన్నారు.