ఇంటి ఆల్బమ్‌కు కరిజ్మా ఎందుకు? 200 ఫొటోల పాకెట్ ఆల్బమ్ చాలు

పెళ్లికి కరిజ్మా ఆల్బమ్ (ఫొటోలను డిజైన్ చేసి పెద్ద షీట్ల మీద అచ్చువేసి బైండు చేసే పుస్తకం) చేయించుకుంటే తప్పేమీ లేదు. దాని పనే అది. కానీ బారసాల, అన్నప్రాశన, భోగిపళ్లు, ఆవకాయ కలిపిన మధ్యాహ్నం, తాతగారి షష్టిపూర్తి, ఏ విశేషమూ లేకుండా అందరూ అరుగు మీద కూర్చుని వాన చూసిన సాయంత్రం... ఇలా ఏడాది పొడవునా ఇంట్లో పోగయ్యే ఫొటోలకు కరిజ్మా కుదరదు. వీటికి ఫ్యాన్సీ షాపుల్లో, స్టూడియో కౌంటర్ల మీద దొరికే 200 ఫొటోల పాకెట్ ఆల్బమే మేలు. అయితే ఏది పడితే అది కొనకూడదు. అందులోనూ సగం నాసిరకమే ఉంటుంది.

ముందు కరిజ్మా సంగతి. ఒక షీట్ అంటే పుస్తకం తెరిచినప్పుడు ఎడమా కుడీ కలిపి 12×36 అంగుళాలు. అంటే ఒక్కో పేజీ 12×18. ల్యాబ్‌వాళ్లు షీటుకింత అని ధర చెబుతారు. అట్ట, పెట్టె, డిజైనింగ్ చార్జీ అందులో కలిశాయో లేదో విడిగా అడగాలి. పెళ్లంటే వేల ఫొటోలు దిగుతాయి కాబట్టి 40 షీట్లయినా నిండుతాయి. బారసాలలో మంచివి ముప్ఫై వస్తే గొప్ప. ఆ ముప్ఫైతో 20 షీట్లు నింపమంటే డిజైనర్ మాత్రం ఏం చేస్తాడు? వెనక పేజీ నిండా మసకమసగ్గా పాప ముఖం, పక్కన అదే ముఖం చిన్నగా, మూలల్లో గులాబీలు, సీతాకోకచిలుకలు. మూడో పేజీ కల్లా చూసేవాళ్లకు విసుగొస్తుంది. ఒక్క షీట్ కాగితంలో 4×6 ప్రింట్లు సరిగ్గా పద్దెనిమిది పడతాయి. ఆ లెక్క చూసుకుంటే సీతాకోకచిలుకలు ఎంత ఖరీదో తెలుస్తుంది.

ఇంకో చిక్కు పిక్సెళ్లది. ఇంటి ఫొటోల్లో చాలావరకు బాబాయిలు, అత్తయ్యలు ఫ్యామిలీ గ్రూపులో పెట్టినవే. వాట్సాప్‌లో మామూలుగా పంపిన ఫొటో పొడుగు వైపు 1600 పిక్సెళ్లకు కుదించుకుపోతుంది. దాన్ని 18 అంగుళాల పేజీ మీద పరిస్తే అంగుళానికి 89 పిక్సెళ్లు. మంచి ప్రింటుకు 300 కావాలి, 200 వరకు సర్దుకోవచ్చు. 89కి పట్టుచీర జరీ అంచు పసుపు మరకలా వస్తుంది. అదే ఫొటో 4×6లో వేస్తే అంగుళానికి 267 పిక్సెళ్లు వస్తాయి, లోపం ఎవరికీ కనిపించదు. పెద్ద సైజులో వేయించక తప్పని ఫొటో ఉంటే, తీసినవాళ్లను ‘డాక్యుమెంట్’గా పంపమని అడగండి. అలా పంపితే ఫైలు కుదించుకుపోదు.

ఆన్‌లైన్‌లో మనమే డిజైన్ చేసి తెప్పించుకునే ఫొటోబుక్‌ల గురించి రెండు మాటలు చాలు. తేలిగ్గా ఉంటాయి. విమానంలో 23 కిలోల సూట్‌కేసు తూకం చూసుకునేవాళ్లకు కరిజ్మా కంటే ఇదే నయం. అమెరికాలో ఉన్న మనవడికి తాతగారి షష్టిపూర్తి ఫొటోలు పంపాలంటే దీన్ని మించింది లేదు. కానీ మామూలు బైండింగ్ తీసుకుంటే పుస్తకం పూర్తిగా పరుచుకోదు. మధ్య మడతలో రెండు పక్కలా దాదాపు సెంటీమీటరు మేర బొమ్మ కనిపించదు, గ్రూపు ఫొటో రెండు పేజీల మీదకు పరిస్తే మధ్యలో నిలబడ్డవాళ్లు మాయమవుతారు. ఒకసారి అచ్చయ్యాక ఒక్క ఫొటో కూడా మార్చలేం, చేర్చలేం.

తెలుగు రాయించేటప్పుడు ఫొటోబుక్కుకూ, కరిజ్మాకూ ఒకటే గండం. మీరు ఫోన్‌లో టైప్ చేసి పంపిన అక్షరాలు యూనికోడ్. చాలా స్టూడియోల్లో ఇంకా యూనికోడ్ కాని పాత ‘అను’ తెలుగు ఫాంట్లే వాడతారు. ఆ ఫాంటులో మీ అక్షరాలు అతికిస్తే పిచ్చిగీతలు వస్తాయి. యూనికోడ్ ఫాంటే ఉన్నా, పాత ఫొటోషాప్ వెర్షన్లలో టైప్ ప్రిఫరెన్సెస్‌లో ‘వరల్డ్ రెడీ లేఅవుట్’ పెట్టుకోకపోతే వత్తులు విడిపోతాయి. ‘అన్నప్రాశన’ కాస్తా ‘అన్‌నప్‌రాశన’ అయి కూర్చుంటుంది. డిజైనర్ తెలుగువాడైనా హడావిడిలో గమనించడు. అచ్చుకు వెళ్లేముందు ప్రతి పేజీ ఫైలూ తెప్పించుకుని, పేర్లూ ఇంటిపేర్లూ ఒక్కో అక్షరం చదవండి. సరిచేయడం రాదని అంటే, అక్కడ ఖాళీ వదిలేయమని చెప్పి చేత్తో రాసుకోవడం ఉత్తమం.

ఇక అసలు సరుకు. 200 ఫొటోల పాకెట్ ఆల్బమ్‌లో 50 ఆకులుంటాయి. ఆకుకు అటు రెండు, ఇటు రెండు జేబులు. షాపులో ముందు దాన్ని తెరిచి వాసన చూడండి. కొత్త రెయిన్‌కోటులా ఘాటు వాసన కొడితే ఆ జేబులు పీవీసీ. అవి కాలం గడిచేకొద్దీ జిగురుదేలి ఫొటో ముఖానికి అతుక్కుంటాయి. మనకు కావలసింది పాలీప్రొపిలీన్. దానికి వాసన ఉండదు, వేళ్ల మధ్య నలిపితే పలచగా గరగరలాడుతుంది. అట్ట మీద ‘యాసిడ్ ఫ్రీ’ అని రాసి ఉంటే ఇంకా మంచిది.

తర్వాత జేబు నోరు ఎటుందో చూడండి. ఫొటో పైనుంచి దించే జేబయితే నిలబెట్టినా జారదు. పక్కనుంచి దూర్చే రకంలో ఆల్బమ్‌ను పిల్లలు పక్కకు తిప్పి పట్టుకున్నారంటే ఫొటోలు నేల మీదే. దూర్చే రకమే దొరికితే జేబు నోరు వీపు వైపు, అంటే కుట్టు వైపు ఉన్నదే తీసుకోండి.

వీపు మందం కూడా కొలవాలి, దీన్ని ఎవరూ పట్టించుకోరు. ల్యాబ్ ప్రింటు మందం సుమారు 0.22 మిల్లీమీటర్లు. ఒకే జాగాలో దొంతిగా పడేది 200లో సగం, ఎందుకంటే ఆకు మీద రెండు జేబులు పైనా కిందా ఉంటాయి. అంటే 100 ఫొటోలకు 22 మిల్లీమీటర్లు, దానికి ప్లాస్టిక్ ఆకుల మందం అదనం. ఖాళీగా ఉన్నప్పుడు వీపు రెండున్నర సెంటీమీటర్లే ఉన్న ఆల్బమ్‌ను నిండా నింపితే ఉబ్బిపోయి, జిగురు ఊడి, మధ్య ఆకులు వేలాడతాయి. మూడున్నర ఉండేలా చూసుకోండి. రింగు బైండింగ్ దొరికితే ఈ బాధే లేదు. ఆకులు తీసి ముందుకూ వెనక్కూ మార్చుకోవచ్చు కూడా.

జేబు పక్కన రాసుకునే పట్టీ లేని ఆల్బమ్ కొనకండి. ధర తక్కువైనా సరే. పట్టీ తెల్ల కాగితమైతే మామూలు పెన్ను చాలు, నల్ల కాగితమైతే తెల్ల జెల్ పెన్ను కావాలి. పట్టీయే లేకపోతే ఫొటో వెనకే రాయాలి. అక్కడ బాల్‌పెన్‌తో నొక్కి రాశారంటే ముఖం వైపు గీతలు తేలతాయి. జెల్ ఇంకు ఆరకుండానే పక్క ఫొటోకు అంటుకుంటుంది. సీడీల మీద రాసే సన్న మొన మార్కర్ వాడి, పది నిమిషాలు ఆరనిచ్చాకే దొంతి పెట్టండి.

ప్రింటుకు ఇచ్చేటప్పుడు జరిగే పెద్ద నష్టం తలలు తెగడం. ఫోన్ ఫొటో 4:3 నిష్పత్తిలో ఉంటుంది. ల్యాబ్ కాగితం 4×6. వెడల్పు 6 అంగుళాలకు సరిపెడితే ఎత్తు 4.5 కావాలి, ఉన్నది 4. ఆ అర అంగుళాన్ని మెషీను పైనా కిందా దానంతట అదే కోసేస్తుంది. అన్నప్రాశన ఫొటోనే తీసుకోండి. పాప ముందు పుస్తకం, పెన్ను, బంగారం, డబ్బు, కత్తి పెడతారు. పాప పాకుతూ వెళ్లి దేన్ని పట్టుకుంటుందా అని ఇంటిల్లిపాదీ చూస్తారు. ఆ వస్తువులన్నీ ఫొటో అడుగునే ఉంటాయి. తెగేది కూడా సరిగ్గా అక్కడే. పాప చెయ్యి చాచింది, దేనికో తెలియదు! అందుకే కౌంటర్లో ‘క్రాప్ చేయొద్దు, ఫిట్ చేయండి’ అని స్పష్టంగా చెప్పాలి. అప్పుడు రెండు పక్కలా మూడో వంతు అంగుళం చొప్పున తెల్ల అంచు మిగులుతుంది. అది అందంగానే ఉంటుంది, తేదీ రాసుకోవడానికి చోటూ దొరుకుతుంది. 16:9లో తీసిన ఫొటోలకైతే కోత పక్కల్లో పడుతుంది. అంగుళానికి పైగా పోతుంది కాబట్టి వరుస చివర నిలబడ్డ అల్లుడుగారు సగమే మిగులుతారు.

గ్లాసీ వద్దు, మ్యాట్ ఇవ్వమనండి. మన తేమకు, ముఖ్యంగా కోస్తాలో, గ్లాసీ ఉపరితలం ప్లాస్టిక్‌కు అతుక్కుని తీసేటప్పుడు రంగు లేచిపోతుంది. ఇంకోటి, భోగిమంట, దీపావళి, కార్తీక దీపాల ఫొటోలు ఫోన్‌లో ఎంత బాగున్నా కాగితం మీద ఒక మెట్టు చీకటిగా వస్తాయి. తెరకు వెనక వెలుగుంటుంది, కాగితానికి ఉండదు. ముందు వాటిలో మూడు నాలుగు ప్రింట్లు వేయించి చూసి, కాస్త వెలుగు పెంచాకే మిగతావి ఇవ్వండి.

వరుస విషయానికొస్తే, ఆల్బమ్‌ను జనవరితో కాకుండా ఉగాదితో మొదలుపెట్టడమే మన ఇళ్లకు సరిపోతుంది. వీపు మీద సంవత్సరం పేరు రాసేస్తే సరి: ‘విశ్వావసు’, ‘పరాభవ’. ఆరు ఋతువులకు పంచితే ఒక్కోదానికి 33 ఫొటోలు, అంటే దాదాపు ఎనిమిది ఆకులు. అయితే ఈ లెక్క అన్ని ఏళ్లకూ సమానంగా పారదు. పరాభవ 2026 మార్చి 19న మొదలై 2027 ఏప్రిల్ 7 ఉగాది దాకా సాగుతుంది, ఎందుకంటే మధ్యలో అధిక జ్యేష్ఠం వచ్చింది. గ్రీష్మానికి ఒక నెల ఎక్కువ. ఆ ఏడాది గ్రీష్మానికి మరో మూడు నాలుగు ఆకులు వదలండి. ఎలాగూ పిల్లలకు సెలవులు, అమ్మమ్మగారి ఊరు, మామిడికాయ ముక్కలు కొట్టడం అన్నీ ఆ చుట్టుపక్కలే కదా. బతుకమ్మ దగ్గర పంచాంగానికి మరీ కట్టుబడక్కర్లేదు. ఎంగిలిపూల బతుకమ్మ భాద్రపద అమావాస్య నాడు వస్తుంది కాబట్టి లెక్క ప్రకారం వర్ష ఋతువులో పడాలి. సద్దుల బతుకమ్మ శరత్తులో. తొమ్మిది రోజులనూ రెండుగా తెంపకుండా శరత్తులో పెట్టేయండి.

పుట్టినరోజులను కొన్ని ఇళ్లలో తిథి ప్రకారం చేస్తారు, స్కూల్లో కేకు మాత్రం తేదీ ప్రకారం కోస్తారు. పట్టీ మీద రెండూ రాయండి. ఎవరు, ఎక్కడ, ఏ వేళ అన్నది ఒక్క వరుసలో: ‘శ్రావణ శుద్ధ పంచమి, పెద్దమ్మ ఇంట్లో, ఉదయం. ఎడమ నుంచి...’ ఇలా. ‘అమ్మమ్మ’ అని మాత్రమే రాయకండి. ముప్ఫై ఏళ్ల తర్వాత చదివేవాళ్లకు అది ఎవరి అమ్మమ్మో తెలియదు, పేరు కావాలి.

భద్రపరచడానికి: ఇనుప బీరువా అడుగు అర మంచిది కాదు, గోడ తేమంతా అక్కడికే చేరుతుంది. మధ్య అరలో, పడుకోబెట్టకుండా పుస్తకాల్లా నిలబెట్టండి. సిలికా జెల్ పొట్లాలు రెండు పెడితే వానాకాలం గట్టెక్కుతుంది. కలరా ఉండలు మాత్రం వద్దు, ఆ ఆవిరి ప్లాస్టిక్‌ను మెత్తబరుస్తుంది.

పాకెట్ ఆల్బమ్‌కున్న లోపమూ చెప్పాలి. చూడ్డానికి గొప్పగా ఉండదు. వచ్చిన చుట్టాలకు ఒళ్లో పెట్టి చూపించేంత దర్జా దీనికి రాదు. ఆ సరదా ఉంటే ఓణీల ఫంక్షన్‌కో, షష్టిపూర్తికో ఒక్కదానికి 10 షీట్ల చిన్న కరిజ్మా వేయించుకుని, మిగతా ఏడాదినంతా దీనిలో పెట్టుకోండి.

ఇంట్లో పాతకాలపు అంటుకునే పేజీల ఆల్బమ్‌లు ఉంటే, అందులోని ఫొటోలను ఇప్పుడే ఇందులోకి మార్చేయడం మంచిది. ఆ పేజీల జిగురు పసుపు చారలుగా ఫొటోలోకి దిగుతుంది. పైనున్న ప్లాస్టిక్ కాగితం తీసి, ముందుగా ప్రతి పేజీనీ ఉన్నదున్నట్టు ఫోన్‌తో ఫొటో తీసుకోండి. తర్వాత పళ్ల మధ్య శుభ్రం చేసుకునే ఫ్లాస్ దారాన్ని ఫొటో మూల కిందికి దూర్చి, రంపంలా నెమ్మదిగా అటూ ఇటూ లాగుతూ రెండో మూల దాకా తీసుకెళ్లాలి. వేళ్లతో పైకి లాగితే ఫొటో వంగి పైపొర చిట్లుతుంది. దారం ఎక్కడైనా ఆగిపోతే బలవంతం చేయకుండా, ఆ పేజీని ఫొటో చుట్టూ కత్తిరించి వెనక కాగితంతో సహా విడిగా కవరులో పెట్టేయండి.