నెట్ న్యూట్రాలిటీ ఉంటే పోటీ పెరుగుతుందా, తీసేస్తే పెరుగుతుందా?

విశాఖలో కేబుల్ ఆపరేటర్లూ అపార్ట్‌మెంట్ సంఘాలవాళ్లూ పదేపదే అడుగుతున్న ప్రశ్న ఇది. నెట్ న్యూట్రాలిటీ అంటే, ఇంటర్నెట్ ఇచ్చే కంపెనీ అన్ని సైట్లనూ యాప్‌లనూ ఒకేలా చూడాలన్న నిబంధన. మన దగ్గర అది రెండు విడతల్లో వచ్చింది. ఏ యాప్ వాడినా డేటాకు ఒకటే ధర ఉండాలని టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2016 ఫిబ్రవరి 8న తేల్చింది. మీరితే రోజుకు 50 వేలు, గరిష్ఠంగా 50 లక్షల జరిమానా. సైట్లను ఆపడం, నెమ్మది చేయడం, డబ్బు తీసుకుని ముందుకు తోయడం కూడదని 2018లో టెలికాం శాఖ లైసెన్సుల్లోనే చేర్చింది.

తీసేయాలనేవాళ్ల మాటలోనూ బలముంది. ‘ఫలానా యాప్ ఉచితం’ అని చిన్న ఆపరేటరు కూడా ప్యాకు పెట్టి, పెద్ద కంపెనీ ఖాతాదారులను లాక్కోవచ్చంటారు. కానీ గాజువాకలో వెయ్యి కనెక్షన్లున్న ఆపరేటరుతో ఒప్పందానికి ఏ యాప్ కంపెనీ వస్తుంది? 2015లో కొన్ని సైట్లను ఉచితంగా చూపే ఫేస్‌బుక్ ఫ్రీ బేసిక్స్ వెళ్లింది రిలయన్స్ కమ్యూనికేషన్స్ దగ్గరికి. యాప్ కంపెనీ డబ్బు కడితే ఖాతాదారుకు ఆ యాప్ డేటా ఉచితమన్న ఎయిర్‌టెల్ జీరో సరేసరి, ఆ పథకమే పెద్ద కంపెనీది. ఉచిత ఒప్పందాలు ఖాతాదారులు ఎక్కువున్న చోటికే పోతాయి. నా లెక్కలో తీర్పు ఇక్కడే తేలిపోతుంది.

పైగా చిన్న ఆపరేటరు బ్యాండ్‌విడ్త్ కొనేది తరచూ తన వీధిలోనే కనెక్షన్లు అమ్ముకునే పెద్ద కంపెనీ నుంచి. నిబంధన లేకపోతే ఆ కంపెనీ సొంత వీడియో యాప్‌ను తన ఖాతాదారులకు ఉచితం చేస్తుంది, ఆపరేటరు అదే డేటాకు డబ్బు కట్టాలి.

అయితే ఈ నిబంధన అన్నిటినీ కాయదు. ప్యాకుతో పాటు ఓటీటీ చందా కలిపి ఇవ్వడం దీని కిందికి రాదు, అక్కడ పెద్దవాళ్లదే పైచేయి. ఎక్కువగా చూసే వీడియోల కాపీలను ఖాతాదారుల దగ్గర్లోనే దాచి ఉంచే కాష్ సర్వర్లకూ మినహాయింపు ఉంది. ట్రాఫిక్ చాలక కాష్ దొరకని ఆపరేటరు వీడియో మొత్తాన్ని దూరం నుంచి తెచ్చుకోవాలి. రాత్రి 9 గంటలకు ఆ లింకు నిండితే, ‘కావాలనే నెమ్మది చేస్తున్నారు’ అని ఖాతాదారులు అనుకుంటారు. పోల్చి చూడాలంటే మామూలు స్పీడ్ టెస్టునూ, నెట్‌ఫ్లిక్స్ సర్వర్ల నుంచి కొలిచే ఫాస్ట్ డాట్ కామ్‌నూ రాత్రి 9కి, తెల్లవారి 6కి నడపండి. రాత్రి మాత్రమే రెండోది పడిపోతే అది చాలావరకు లింకు రద్దీయే. రెండు వేళల్లోనూ అదొక్కటే తక్కువుంటే అప్పుడు అనుమానించాలి.

యాప్ కంపెనీల నుంచి నెట్‌వర్క్ రుసుము వసూలు చేయాలన్న మూడో దారి గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. కొరియాలో నెట్‌వర్క్ ఖర్చు మోయలేక 2024 ఫిబ్రవరిలో లైవ్ వీడియో సైటు ట్విచ్ దుకాణం మూసేసింది. ఇక నెట్ న్యూట్రాలిటీ నిబంధనను అమెరికాలో 2015లో పెట్టి, 2017లో తీసి, 2024లో మళ్లీ పెడితే, 2025 జనవరిలో కోర్టు కొట్టేసింది. అంత ఊగిసలాట మీద ఎవరూ లెక్కలు కట్టుకోలేరు.

నిబంధన ఉండాల్సిందే, కానీ అది కొత్త తీగ లాగదు. రాష్ట్ర ప్రభుత్వ సంస్థ ఏపీ ఫైబర్‌నెట్ 2017లో కరెంటు స్తంభాల మీదుగా ఫైబర్ తెచ్చి, స్థానిక కేబుల్ ఆపరేటర్ల చేత 149 రూపాయల ప్యాకు ఇప్పించింది. ఒకే తీగను పలువురు వాడుకుంటే పోటీ ఎలా పుడుతుందో అది చూపించింది. మధురవాడలోనో ఎంవీపీ కాలనీలోనో కొత్త అపార్ట్‌మెంటుకు సంఘం కనెక్షన్ రాయించుకునేటప్పుడు ‘ఈ కంపెనీకి మాత్రమే’ అన్న షరతు కొట్టేయించండి. తీగలు పై అంతస్తులకు వెళ్లే నిలువు డక్టులో రెండో పైపు ఖాళీగా వదిలించండి, మూడేళ్ల ఒప్పందం అడిగితే ఏడాదికి కుదించండి.