పానగల్ రోడ్డులో చాచా సైకిల్ షాపు: గుట్టల్లో తొక్కేవాళ్ల కోసం

పోయిన నెల నల్లగొండలో లతీఫ్ సాహెబ్ గుట్ట కింద మొరం దిబ్బ మీంచి ఎగిరి దిగగానే నా వెనక టైరు చప్పబడిపోయింది. ముల్లే అనుకున్నాను. మా వైపు సర్కారు తుమ్మ ముల్లు లేని బాట ఎక్కడుంది? దోస్తు ఒకడు పానగల్ రోడ్డులో, బోర్డు కూడా లేని రేకుల షాపుకు తీసుకెళ్లాడు.

చాచా ట్యూబులో గాలి కొట్టి నీళ్ల తొట్టిలో ముంచారు. బుడగలు పక్కపక్కనే రెండు చోట్ల లేచాయి. "ముల్లు కాదు బేటా, రిమ్ము కొరికింది. గాలి తక్కువ పెట్టి ఎగురుతున్నరా?" అని అడిగారు. నిజమే, రాళ్ల మీద పట్టు కోసం గాలి ఒత్తిడి 20 పీఎస్ఐకి (టైరు గాలిని కొలిచే లెక్క) దించాను. దూకినప్పుడు టైరు అణిగి, ట్యూబు రిమ్ముకూ రాయికీ మధ్య నలిగితే ఇలా జంట చిల్లులు పడతాయి. ఇప్పుడు 35 పెడుతున్నాను, మళ్లీ ఆ బాధ రాలేదు.

ప్యాచీ వేశాక వెంటనే టైరు ఎక్కించలేదాయన. లోపలంతా వేళ్లతో మెల్లగా తడుముతూ పోయి ఒకచోట ఆగారు. పట్టకారుతో లాగితే విరిగిన తుమ్మ ముల్లు మొన వచ్చింది, బియ్యపు గింజలో సగం కూడా లేదు. అది అక్కడే ఉంటే మరుసటి ఆదివారం మళ్లీ సైకిల్ తోసుకుంటూ ఇంటికి రావాల్సిందే. ఈ ఓపిక కోసమే ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

రిమ్ము వంకర కూడా అక్కడే తీయించాను. బొటనవేలు ఫోర్కుకు (చక్రాన్ని రెండు పక్కలా పట్టుకునే కడ్డీలకు) ఆనించి చక్రం తిప్పుతూ, గోరుకు తగిలిన చోట చిన్న పానాతో ఒక పక్క స్పోకు బిగించి, రెండో పక్కది వదులు చేస్తారు. అరగంట పట్టింది. 150 తీసుకున్నారు.

ఇంతకు ముందు వేరే షాపులో చైనుకు నూనె స్ప్రే కొడుతూ బ్రేకు పట్టుకునే డిస్కు (చక్రం మధ్యలోని ఇనుప బిళ్ల) మీద కూడా పడేశారు. గుట్ట దిగుతుంటే బ్రేకు కీచుమంటోందే తప్ప పట్టలేదు, ప్రాణం పోయినంత పనైంది. బ్రేకు ప్యాడ్లు కొత్తవి వేయించాల్సి వచ్చింది. చాచా అయితే ముందు డిస్కుకు గుడ్డ చుట్టి, తర్వాతే చైను ముట్టుకుంటారు.

ద్రవం ఒత్తిడితో పనిచేసే హైడ్రాలిక్ బ్రేకులు, కుదుపులు తట్టుకునే సస్పెన్షన్ ఫోర్కు లోపలి పని మాత్రం ఇక్కడ కాదు. "నాకు రాదు, హైదరాబాద్ పొండి" అని ఆయనే చెప్పేస్తారు. తెలియని పని మీద చెయ్యి వేయకపోవడం నాకు నచ్చింది. మీ ట్యూబుకు సన్నని ప్రెస్టా వాల్వు ఉంటే అడాప్టర్ తీసుకెళ్లండి, ఆయన పంపు దానికి పట్టదు.

ఆదివారం షాపు తొమ్మిదికి గానీ తెరవరు. మేం ఆరింటికే గుట్ట దగ్గరుంటాం కాబట్టి శనివారం సాయంత్రమే సైకిళ్లు చూపించుకుంటున్నాం.