గ్యాబర్డిన్ అని చెప్పి పాలిస్టర్ అంటగట్టారు: కోటు గుడ్డ కొనేవాళ్లు జాగ్రత్త

ఇప్పుడే ఫోను పెట్టేశాను. కోపం చల్లారాక రాయమని మా ఆయన అంటున్నారు. చల్లారితే ఇక రాయను, నా సంగతి నాకు తెలుసు. అందుకే ఇప్పుడే రాస్తున్నాను.

పేజీ పేరు రాయను. మీలో సగం మందికి ఆ అవసరం కూడా లేదు. రాత్రిపూట లైవ్ పెట్టి, తాన్లు విప్పి బల్ల మీద విసిరి, ‘ఎక్స్‌పోర్టు మిగులు మేడమ్, మళ్లీ దొరకదు’ అని ఊదరగొడతారే, వాళ్లే. చీరలు కొన్నవాళ్లు బాగానే ఉన్నాయని చెబుతారు. ఉండవచ్చు. నేను కొన్నది కోటు గుడ్డ, గ్యాబర్డిన్. అంటే ఏటవాలు గీతలు కనిపించేలా దట్టంగా నేసిన గుడ్డ.

మా ఆడపడుచు కూతురు చదువుకోవడానికి డబ్లిన్ వెళ్తోంది. అక్కడ చలీ తుంపరా కలిసి ఉంటాయట. ‘అత్తా, కోటు నువ్వే కుట్టు’ అంది. నడుము దగ్గర ఒదిగే ట్రెంచ్ కోటు, రెండు వరుసల గుండీలు, బెల్టు, భుజం పట్టీలు, అన్నీ కావాలి. ప్యాటర్న్ సిద్ధం చేశాను. పాత దుప్పటితో నమూనా కుట్టి, తొడిగి చూసి భుజాలు సరిచేశాను. లైనింగ్, గుండీలు, బెల్టు బకిల్ తెచ్చి పెట్టుకున్నాను. ఇక కావలసింది పైగుడ్డ. మా అనంతపురం పాతూరులో గ్యాబర్డిన్ అని ఏ కొట్లో అడిగినా స్కూలు యూనిఫారం గుడ్డ తీస్తున్నారు. అది వాళ్ల తప్పు కాదు, ఈ ఊళ్లో దాన్ని అడిగేవాళ్లు ఎవరు? అలా ఆ పేజీకి మెసేజ్ పెట్టాను.

అడిగితే ముందు నమూనా పంపారు. అట్టకు పిన్ను కొట్టిన అరచేయంత ముక్క. అది మాత్రం నిఖార్సయిన కాటన్ గ్యాబర్డిన్. ఒట్టు. పెళ్లికి ముందు రాయదుర్గంలో జీన్స్ కుట్టినదాన్ని, జీన్స్ గుడ్డ డెనిమ్ కూడా ట్విల్లే, అంటే ఏటవాలు గీతల నేతే కాబట్టి ఆ నేత నా చేతికి తెలుసు. గుడ్డ పైవైపు ఏటవాలు గీతలు నిలువుకు దగ్గరగా, స్పష్టంగా ఉన్నాయి. వెనక్కి తిప్పితే నున్నగా ఉంది. లైటుకు అడ్డం పెడితే దారాల సందున వెలుతురు రాలేదు. పిడికిట్లో నలిపి వదిలితే ముడత నిలిచింది. నీటి బొట్టు వేస్తే ఇంకకుండా జారింది. మీటరు 650 రూపాయలన్నా ఆలోచించకుండా నాలుగు మీటర్లకు డబ్బు పంపాను. కాటన్ గ్యాబర్డిన్ 280 జీఎస్‌ఎం (చదరపు మీటరు గుడ్డ 280 గ్రాములు తూగుతుందని), 58 అంగుళాల పన్నా అని వాట్సాప్‌లో రాసి ఇచ్చారు.

పార్సెల్ విప్పగానే రంగు చూసి మురిసిపోయాను. అచ్చం అదే తేనె రంగు. మడత విప్పి చేయి పెట్టగానే ప్రాణం ఉసూరుమంది. కరకరమని చప్పుడు. నలిపితే ముడత పడకుండా జారి విచ్చుకుంది. నీటి బొట్టు వేస్తే పరుచుకుపోయి వెనకవైపు తడి తేలింది. ఇంకా నమ్మబుద్ధి కాక కిరాణా కొట్టుకు తీసుకెళ్లి త్రాసులో వేయించాను. ఆ పన్నాకు నాలుగు మీటర్లంటే దాదాపు 5.9 చదరపు మీటర్లు. 280 జీఎస్‌ఎం అయితే కిలో 600 గ్రాములు దాటాలి. ఇది కిలో దగ్గరే ఆగింది. మీటరు 180కి దొరికే సరుకు.

మెసేజ్ పెట్టాను. చాలాసేపటికి జవాబు వచ్చింది. ఇక్కడి నుంచి నెమ్మదిగా చదవండి, వాళ్ల నైపుణ్యమంతా ఇక్కడే ఉంది.

‘మేడమ్, ఒకే తాను లోంచి పంపాం. అనుమానం ఉంటే ఒక మూల చిన్న ముక్క కత్తిరించి, కాల్చి వీడియో పెట్టండి. కాటన్ కాకపోతే మార్చి ఇస్తాం.’

ఎంత మర్యాదగా అడిగారు! అంచు దగ్గర వేలెడంత ముక్క కత్తిరించాను. ఒక పట్టకారుతో దాన్ని, ఇంకో పట్టకారుతో వాళ్లు పంపిన నమూనా కొసను పట్టుకున్నాను. మా అబ్బాయి వీడియో తీశాడు. నమూనా కొస కాగితంలా మండి, ఊదితే ఎగిరిపోయే బూడిద అయింది. తాను ముక్క మంట తగలకముందే ముడుచుకుంది, కరిగింది, ఘాటు వాసనతో మిరియపు గింజంత నల్లటి ఉండ కట్టింది. చల్లారాక గోటితో నొక్కితే రాయి. సందేహానికి తావు లేదు. వీడియో పంపాను. నీలం టిక్కులు పడ్డాయి.

తర్వాత వచ్చిన జవాబు ఇది: ‘కత్తెర పడిన గుడ్డ వెనక్కి తీసుకోవడం మా పాలసీలో లేదు మేడమ్.’

కత్తిరించమన్నది వాళ్లు. కత్తిరించినందుకు వెనక్కి తీసుకోనన్నదీ వాళ్లే. రెండు మెసేజ్‌లు ఒకదాని కింద ఒకటి, ఒకే నంబరు నుంచి. మొదటిదాన్ని చెరిపేయాలన్న ఆలోచన కూడా వాళ్లకు రాలేదంటే, మనల్ని ఎంత తక్కువగా చూస్తున్నారో అర్థం చేసుకోండి.

ఫోను చేశాను. లైవ్‌లో మాట్లాడే ఆ మహానుభావుడే ఎత్తాడు. మొదట పాలిస్టర్ గొప్పతనం వర్ణించాడు. విదేశాల్లో వానకు అదే మేలట, త్వరగా ఆరుతుందట. నిజమే, పాలిస్టర్ కోట్లు లోకంలో బోలెడు ఉన్నాయి. పాలిస్టర్ అని చెప్పి పాలిస్టర్ ధరకే అమ్మితే నాకేమీ గొడవ లేదు. నాకు కావలసింది ఆవిరి ఇస్త్రీకి లొంగే గుడ్డ. టైలర్డ్ కోటులో కాలరు నిలబడాలి, లాపెల్ (కాలరు కింద ఛాతీ మీదకు మడిచే భాగం) మడత దగ్గర గుండ్రంగా తిరగాలి, చేయి అమర్చేచోట వదులు ఇస్త్రీతోనే సర్దుకోవాలి. ఈ గుడ్డ వేడి చాలకపోతే మాట వినదు, వేడి ఎక్కువైతే మెరుపు తేలుతుంది. అంచుల వెంట పైకుట్టు వేస్తే కుట్టంతా ముడుచుకుంటుంది. ఇదంతా చెబుతుంటే మధ్యలో ఆపి అన్నాడు:

‘మీ అనంతపురంలో వానే పడదు కదా మేడమ్, ఏ గుడ్డ అయితే ఏముంది?’

వెనకనుంచి ఎవరో నవ్వారు. ఆ నవ్వు ఇంకా చెవిలోనే ఉంది.

డబ్బు పోయిందన్న బాధ ఒక ఎత్తు, ఇది ఒక ఎత్తు. వాన పడదు, నిజమే. కరువు జిల్లా అని చిన్నప్పటి నుంచి పాఠాల్లో చదువుకున్నవాళ్లమే, ఆయన చెప్పనక్కర్లేదు. అంతమాత్రాన మాకు గుడ్డ తెలియదా? రాయదుర్గంలో ఇంటింటా జీన్స్ కుడతారు. ఉరవకొండలో మగ్గాలు ఉన్నాయి. ధర్మవరం పట్టు సంగతి వేరే చెప్పాలా? గుంతకల్లు దాటి పోతే ఆదోని పత్తి మార్కెట్టు. ఇలాంటి చోట ఉన్నవాళ్లకు పత్తి ఏదో, ప్లాస్టిక్కు ఏదో తేడా తెలియదని ఆయన నమ్మకం. పైగా లైవ్‌లో పాఠం కూడా చెప్పాడు: 1879లో ఇంగ్లండులో థామస్ బర్బెరీ గ్యాబర్డిన్ కనిపెట్టాడని, నేయకముందే దారానికి నీరు పట్టకుండా చేశాడని, 1888లో పేటెంటు తీసుకున్నాడని, మొదటి ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ సైన్యాధికారులు ఆ గుడ్డతో కుట్టిన కోట్లు వేసుకున్నారని. చరిత్ర అంతా సరిగ్గానే చెప్పాడు. పంపిన గుడ్డ ఒక్కటే అబద్ధం.

చివరికి ‘బిల్లు చూసుకోండి మేడమ్, కాటన్ అని ఎక్కడుంది?’ అని పెట్టేశాడు. చూశాను. ‘సూటింగ్ 4 మీ.’ అని ఉంది. పార్సెల్ వచ్చిన రోజు గుడ్డను త్రాసు దాకా మోసుకెళ్లిన మహా మేధావిని, డబ్బాలోని బిల్లు మాత్రం చదవలేదు. ఇప్పుడు నా నంబరు బ్లాకు చేశారు. పేజీలో పెట్టిన కామెంటు కూడా తీసేశారు.

కానీ వాట్సాప్‌లో ‘కాటన్ గ్యాబర్డిన్ 280 జీఎస్‌ఎం’ అన్న మాట నా దగ్గర భద్రంగా ఉంది. నమూనా అట్ట ఉంది, వీడియో ఉంది. 2020 నాటి ఈ-కామర్స్ వినియోగదారుల నియమాల ప్రకారం, చెప్పిన లక్షణాలు లేని సరుకును వెనక్కి తీసుకోననడానికి, డబ్బు ఇవ్వననడానికి అమ్మినవాడికి వీలు లేదు. వాళ్ల పాలసీ వాళ్ల ఇంట్లో పెట్టుకోవచ్చు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోను చేసి ఫిర్యాదు నమోదు చేయించాను. తేలకపోతే ఈ-జాగృతి పోర్టల్‌లో జిల్లా వినియోగదారుల కమిషన్‌కు ఫిర్యాదు వేస్తాను. 2,600 రూపాయల కోసం ఇంత అవసరమా అని మా ఆయన అడుగుతున్నారు. ఆ నవ్వు ఆయన వినలేదు.

కొనేవాళ్లకు నాలుగు మాటలు, తోచిన వరుసలో. నమూనా బాగుందని తాను బాగుంటుందనుకోకండి. బిల్లు మీద గుడ్డ రకం, జీఎస్‌ఎం రాయించుకోండి. రాయనంటే కొనకండి. పార్సెల్ విప్పేటప్పుడే వీడియో తీయండి. గుడ్డకు కత్తెర పెట్టకముందే తూకం వేయండి: పొడవునూ పన్నానూ మీటర్లలోకి మార్చి హెచ్చించి, దాన్ని జీఎస్‌ఎంతో హెచ్చిస్తే ఎన్ని గ్రాములు ఉండాలో వస్తుంది. కాల్చి చూడాలంటే అంచు నుంచి రెండు దారాలు లాగినా చాలు, ముక్క అక్కర్లేదు. కత్తిరించమని వాళ్లే అడిగితే, ‘కత్తిరించినా వెనక్కి తీసుకుంటాం’ అని ముందు రాయించుకోండి.

కోటు మాత్రం ఆగదు. వచ్చే వారం నేనూ పిల్లా బెంగళూరు చిక్‌పేట వెళ్తున్నాం. నమూనా ముక్క సంచీలో పెట్టుకున్నాను, ఈసారి తానునే చేత్తో పట్టి చూసి కొంటాం. ఈలోగా ఆ పేజీ నుంచి ‘తేనె రంగు ఎక్స్‌పోర్టు గ్యాబర్డిన్’ తెప్పించుకున్నవాళ్లు ఇంకెవరైనా ఉంటే, బిల్లు, చాట్ స్క్రీన్‌షాట్లు నాకు పంపండి. నా ఫిర్యాదుకు జత చేస్తాను.