లింకన్ సెంటర్ వేసవి: టికెట్ కొన్న చోటు, కొనక్కర్లేని చోటు

అమెరికాలో పిల్లల దగ్గరికి వచ్చిన పెద్దవాళ్ళని న్యూయార్క్ తిప్పడానికి అందరికీ ఒకటే రూట్: లిబర్టీ విగ్రహం, టైమ్స్ స్క్వేర్, ఎంపైర్ స్టేట్ బిల్డింగ్. సాయంత్రానికి కాళ్ళు పీకుతాయి, జేబుకి చిల్లు పడుతుంది, ఫోన్‌లో మాత్రం ఫోటోలు మిగులుతాయి. మేం అమ్మానాన్నల కోసం ఆ లిస్టులో సగం కొట్టేసి లింకన్ సెంటర్‌కి ఎక్కువ టైమ్ ఇచ్చాం. వేసవిలో వెళ్ళేవాళ్ళకి నా సలహా కూడా అదే. కాకపోతే అక్కడ డబ్బు పెట్టదగ్గవి కొన్నే. చాలావాటికి పెట్టాల్సిన పనే లేదు.

మన్‌హాటన్ పడమటి వైపు, 60ల నంబర్ల వీధుల్లో, 16 ఎకరాలకు పైగా ఉంటుందీ ఆవరణ. మెట్రోపాలిటన్ ఒపెరా, న్యూయార్క్ ఫిల్‌హార్మోనిక్ ఆర్కెస్ట్రా, న్యూయార్క్ సిటీ బ్యాలే, జూలియార్డ్ సంగీత, నృత్య, నాటక కళాశాల, ప్రదర్శన కళలకే ప్రత్యేకించిన ఒక పబ్లిక్ లైబ్రరీ, అన్నీ ఇందులోనే. ఎంట్రన్స్ ఫీజు లేదు. ఫౌంటెన్ గట్టు మీద కూర్చుంటే లెమ్మనేవాళ్ళూ లేరు.

2022 నుంచి ఇక్కడ ‘సమ్మర్ ఫర్ ది సిటీ’ పేరుతో పండగ నడుస్తోంది. సుమారు జూన్ మధ్య నుంచి ఆగస్టు మొదటి వారాల దాకా ఉంటుంది. చాలా కార్యక్రమాలు పూర్తిగా ఉచితం. కొన్నింటికి ‘మీకు తోచినంత ఇవ్వండి’ అన్న పద్ధతి ఉంది, కనీసం 5 డాలర్లు. ముందు వచ్చినవాళ్ళకి ముందు సీటు. సంగతి చెప్పగానే మా నాన్న నమ్మలేదు.

"టికెట్ ఎంత పెట్టావురా?"

"ఫ్రీ నాన్నా."

"అయితే లోపల ఏదో అంటగడతారు, చూస్తూ ఉండు."

ఆయన అనుమానం పూర్తిగా తప్పేం కాదు. లోపల డ్రింక్స్, చిరుతిళ్ళ ధరలు చూస్తే నోరు ఎండిపోతుంది. అందుకే రెండు బ్లాకుల దూరంలో ఉన్న సెంట్రల్ పార్క్‌లో గడ్డి మీద కూర్చుని, ఇంటి నుంచి తెచ్చుకున్న పులిహోర కానిచ్చేసి వెళ్ళాం. మీరూ అలాగే చేయండి.

అన్నింట్లోకీ మాకు నచ్చింది ఆరుబయట డాన్స్ ఫ్లోర్. పైన పెద్ద అద్దాల డిస్కో బంతి వేలాడుతుంటుంది. మేం వెళ్ళినది సల్సా రాత్రి. బ్యాండ్ ఎక్కకముందు ఒక టీచర్ మైకు పట్టుకుని కాసేపు స్టెప్పులు నేర్పించారు. డెబ్బై దాటిన ఒక జంట, ఆయన లినెన్ కోటు, ఆవిడ ఎర్ర బూట్లు, అసలు ఆ టీచర్ వైపు చూడనే లేదు. ఏళ్ళ తరబడి వస్తున్నవాళ్ళని నడక చూస్తేనే తెలిసిపోతోంది. వాళ్ళ పక్కనే ఆఫీసు బ్యాగు ఇంకా భుజానే ఉన్న ఒక కుర్రాడు తప్పటడుగులు వేస్తున్నాడు. ఎవరూ ఎవర్నీ చూసి నవ్వడం లేదు. సైలెంట్ డిస్కో ఉన్న రోజు వెళ్తే ఇంకో వినోదం. అందరికీ హెడ్‌ఫోన్లు ఇస్తారు, ఛానెల్ మారిస్తే వాటి మీద లైటు రంగు మారుతుంది. తీసేస్తే ఏ సంగీతమూ లేకుండా వందలమంది గెంతుతుంటారు. అమ్మ హెడ్‌ఫోన్లు పెట్టుకోవడం, తీయడం, పెట్టుకోవడం, తీయడం... ఆవిడకి తీసి చూడటమే ఎక్కువ నచ్చింది.

ఈ పండగ మీద విమర్శ లేకపోలేదు. 1966లో మొదలైన ‘మోస్ట్లీ మొజార్ట్’ వేసవి కచేరీల్ని ఇందులో కలిపేసి, చివరికి ఆ పేరే తీసేశారు. ఆ ఆర్కెస్ట్రా ఇప్పుడు వేరే పేరుతో, జోనథన్ హేవార్డ్ సారథ్యంలో వాయిస్తోంది. పాత శ్రోతలకి మనసు నొచ్చుకుంది. వాళ్ళ బాధ నాకు అర్థమైంది. డిస్కో బంతికి ఇచ్చిన ప్రచారంలో సగమైనా ఆ ఆర్కెస్ట్రాకి ఇచ్చుండాల్సింది. 5 డాలర్లకి అలాంటి కచేరీ వినొచ్చని మాకు చివరి నిమిషంలో గానీ తెలియలేదు.

ఆ కచేరీ కోసమే డేవిడ్ గెఫెన్ హాల్లోకి వెళ్ళాం. ఈ హాలుది పెద్ద కథ. 1962లో తెరిచినప్పటి నుంచీ ధ్వని బాలేదని పేరు పడింది. ధ్వని నిపుణుడు లియో బెరానెక్ మొదట అనుకున్న హాలు చిన్నది. తర్వాత సీట్లు పెంచాలన్న ఒత్తిడికి ఆకారం మారిపోయి లెక్క చెడింది. 1976లో లోపలంతా ఊడబీకి మళ్ళీ కట్టినా సమస్య పూర్తిగా పోలేదు. కోవిడ్‌లో కచేరీలు ఆగిపోయిన సమయాన్ని వాడుకుని, 55 కోట్ల డాలర్లతో తిరగగట్టి 2022 అక్టోబర్‌లో తెరిచారు. అనుకున్నదానికంటే రెండేళ్ళ ముందే పూర్తయింది.

ఏం మార్చారంటే, 2,738 సీట్లను సుమారు 2,200కి తగ్గించారు. వేదికను 25 అడుగులు ముందుకు జరిపి చుట్టూ జనం కూర్చునేలా చేశారు. తేడా చెవికి తెలుస్తుంది. మేం పై అంతస్తులో కూర్చున్నాం. డబుల్ బాస్ అనే పెద్ద వాద్యం తీగను వేలితో మీటితే ఆ ఒక్క మీటూ విడిగా వచ్చి తాకింది. విరామంలో వేదిక వెనక వరుసల దాకా వెళ్ళి చూసొచ్చాం. అక్కడి నుంచి ఆర్కెస్ట్రాని నడిపించే కండక్టర్ ముఖం కనిపిస్తుంది. రెండో భాగంలో అమ్మని అటువైపు ఖాళీ సీట్లో కూర్చోనిచ్చారు. బయటికొచ్చాక ఆవిడ అడిగింది: "ఆయన తాళం వేస్తున్నాడా, బతిమాలుతున్నాడా?" మోకాళ్ళ నొప్పులున్న వాళ్ళకి పై అంతస్తు వద్దు. లిఫ్టు ఉన్నా సీటు దాకా మెట్లు దిగాలి, అవి నిటారుగా ఉన్నాయి. ఏసీ కూడా గట్టిగా వేస్తారు, శాలువా ఉండాలి.

టికెట్ లేకపోయినా ఆ హాలు లాబీలోకి వెళ్ళొచ్చు. 50 అడుగుల డిజిటల్ తెర, సోఫాలు, కాఫీ. సీజన్‌లో లోపలి కచేరీల్ని ఆ తెర మీద ఉచితంగా చూపిస్తారు. ఒక సాయంత్రం ఉరుములతో వాన పడి మా ఆరుబయట కార్యక్రమం రద్దయితే అక్కడే తలదాచుకున్నాం. మెట్ ఒపెరాకి మాత్రం వేసవిలో సెలవు. ఆ వేదిక మీద జూన్, జులైల్లో అమెరికన్ బ్యాలే థియేటర్ అనే నృత్య బృందం ఆడుతుంది. పూర్తి ధర పెట్టి టికెట్ కొన్నది దానికే. దీపాలు ఆరేముందు స్ఫటిక దీపాల గుత్తులు నెమ్మదిగా కప్పు వైపు లేస్తాయి, నాన్న అది చూసి చప్పట్లు కొట్టేశారు. టికెట్‌ని థియేటర్ సొంత సైట్‌లోనే కొనండి. వెతికితే పైన కనబడే రీసేల్ సైట్ ఒకటి అదే వరుసని దాదాపు రెట్టింపు ధరకి చూపించింది.

ఇంత వైభవం ఎవరి ఇళ్ళ మీద లేచిందో కూడా చెప్పుకోవాలి. ఇది ఒకప్పుడు శాన్ వాన్ హిల్, నల్లజాతి వాళ్ళూ ప్యూర్టోరికన్లూ ఎక్కువగా ఉన్న పేట. నగర నిర్మాణాల మీద పెత్తనం చేసిన అధికారి రాబర్ట్ మోసెస్ హయాంలో మురికివాడ అని ముద్ర వేసి, 7,000కు పైగా కుటుంబాలను ఖాళీ చేయించారు. 1959లో అధ్యక్షుడు ఐసెన్‌హవర్ పార పట్టి శంకుస్థాపన చేశారు. గెఫెన్ హాలు తిరిగి తెరిచినప్పుడు ఆ పేట స్మృతిగా చిత్రకారిణి నినా షనెల్ ఆబ్నీ వేసిన రంగుల చిత్రం గోడకెక్కింది. మంచిదే. కానీ ఆమ్‌స్టర్‌డామ్ అవెన్యూ వైపు వెళ్ళి చూడండి: అటు ఉన్న పేదల అపార్ట్‌మెంట్లకి వీపు తిప్పినట్టు ఇప్పటిదాకా ఉన్నది ఎత్తైన గోడ. దాన్ని తీసేసి ఆవరణలోని డామ్రోష్ పార్కును తిరగ్గట్టే పని చేపట్టారు, 2028కి పూర్తి చేస్తామంటున్నారు. నా లెక్కలో హాలు కంటే ముందు జరగాల్సిన పని ఇది. ఈలోగా వెళ్ళేవాళ్ళు ఏ వేదిక మూసి ఉందో ముందే చూసుకోవాలి.

బస విషయానికొస్తే, దగ్గర్లోని హోటళ్ళు వేసవిలో మధ్యతరగతికి భారమే. గది అద్దె మీద 14.75 శాతం పన్ను, పైగా రాత్రికి 3.50 డాలర్లు. 2025 మే నుంచి హోటళ్ళు విడిగా వేసే రిసార్ట్ ఫీజు లాంటివి కలిపిన ధరే ముందు చూపించాలన్న నిబంధన వచ్చింది, అది కొంత నయం. కానీ పన్నులు చివర్లో కలుస్తాయి. అపార్ట్‌మెంట్ మొత్తం తీసుకుని వంట చేసుకుందామంటే కుదరదు. 2023 సెప్టెంబర్ నుంచి 30 రోజుల లోపు అద్దెకి ఇంటివాళ్ళు అక్కడే ఉండాలి, అతిథులు ఇద్దరిని మించకూడదు. ఎవరైనా మొత్తం ఇల్లు చవగ్గా ఇస్తానంటే అనుమానించండి. మేం న్యూజెర్సీలో బంధువుల ఇంట్లో ఉండి రైల్లో పెన్ స్టేషన్ వచ్చేవాళ్ళం. అక్కడ 1 నంబర్ సబ్‌వే ఎక్కితే 66వ వీధి స్టేషన్, లిఫ్టు కూడా ఉంది. 2, 3 నంబర్లు పగలు, సాయంత్రం అక్కడ ఆగవు. రాత్రి పొద్దుపోయాక న్యూజెర్సీ రైళ్ళు బాగా పలచబడతాయి. టైమ్‌టేబుల్ ఫోన్‌లో పెట్టుకుని, చివరి పాట కాకుండా దాని ముందు పాటకే లేచి రండి.