పది రూపాయల పోస్టల్ ఆర్డర్: సమాచార హక్కు చట్టాన్ని పన్నెండేళ్ళు వాడాక

2013లో నాన్న పోయాక అమ్మకు రావాల్సిన ఫ్యామిలీ పెన్షన్ తొమ్మిది నెలలు గడిచినా రాలేదు. నాన్న పనిచేసిన ఆఫీసుకు నెలకు రెండుసార్లు సెలవు పెట్టి, రెండు బస్సులు మారి వెళ్ళేదాన్ని. ప్రతిసారీ ఒకటే మాట: "ఫైలు పైకి పంపాం మేడమ్." పైకి అంటే ఎక్కడికి, ఏ తేదీన, ఏ నంబరుతో అని అడగాలని అప్పటికి నాకు తట్టలేదు. అమ్మ మాత్రం ప్రతి నెలా మొదటి వారంలో బ్యాంకుకు వెళ్ళి పాస్‌బుక్‌లో ఎంట్రీ వేయించుకుని వచ్చి, ఏమీ మాట్లాడకుండా బీరువాలో పెట్టేసేది.

నేను పనిచేసే చోట అకౌంట్స్‌లో ఒక పెద్దాయన ఉండేవారు. ఆయన దగ్గర కూర్చోబెట్టుకుని అర పేజీ కాగితం రాయించారు. అదే నా మొదటి సమాచార హక్కు దరఖాస్తు. ఆ తర్వాత పెన్షన్, కరెంటు, నీళ్ళు, రోడ్డు, ఆస్తిపన్ను అంటూ ఇప్పటికి ఇరవై దాటాయి. కొన్ని పని చేశాయి, కొన్ని చేయలేదు. హైదరాబాద్‌లో ఉంటూ ఆఫీసుల చుట్టూ తిరుగుతున్న వాళ్ళకు పనికొస్తుందని ఈ అనుభవం రాస్తున్నాను.

ఆ మొదటి కాగితంలో పెద్దాయన రాయించిన ప్రశ్నలు ఇప్పటికీ గుర్తున్నాయి. మా అమ్మగారి పెన్షన్ ప్రతిపాదన మీ ఆఫీసులో ఏ తేదీన నమోదైంది, ఇన్‌వర్డ్ నంబరు ఎంత? ఏ తేదీన, ఏ ఆఫీసుకు పంపారు? ఆ డెస్పాచ్ రిజిస్టర్ పేజీ నకలు ఇవ్వండి. ఇప్పుడు ఆ ఫైలు ఎవరి దగ్గర ఉంది, వారి హోదా ఏమిటి? అంతే. కోపం లేదు, వేడుకోలు లేదు, తొమ్మిది నెలల కష్టం గురించి ఒక్క ముక్క లేదు. నేను రాద్దామనుకున్న రెండు పేజీల గోడు మొత్తం ఆయన కొట్టేశారు.

పన్నెండో రోజున ఆ ఆఫీసు నుంచి ఫోన్ వచ్చింది. "మేడమ్, మీ పని అయిపోయింది, ఆ దరఖాస్తు వెనక్కి తీసుకుంటూ ఒక లెటర్ ఇచ్చేయండి" అన్నారు. నేను ఇవ్వలేదు. ఇరవై ఆరో రోజున రిజిస్టర్డ్ పోస్టులో జవాబు, దానితో డెస్పాచ్ రిజిస్టర్ పేజీ జిరాక్స్ వచ్చాయి. అందులో నాన్న పేరున్న వరుసలో తేదీ చూశాను. నా దరఖాస్తు వాళ్ళకు అందిన రెండో రోజు. తొమ్మిది నెలలుగా "పైకి పంపాం" అని చెప్పిన ఫైలు ఆ రోజు దాకా ఆ గది దాటనే లేదు. ఆ కాగితం పట్టుకుని బస్‌స్టాప్‌లో చాలాసేపు కూర్చున్నాను. నాకు ఈ చట్టం మీద నమ్మకం కుదిరింది ఆ వరుస చూశాకే. రెండు నెలల తర్వాత అమ్మకు బకాయిలతో సహా పెన్షన్ పడింది.

తెలియని వాళ్ళ కోసం కొంచెం చెబుతాను. చట్టం 2005 అక్టోబర్ 12 నుంచి అమల్లో ఉంది. మన దగ్గర గ్రామ స్థాయి ఆఫీసుకైతే ఫీజు లేదు, మండల స్థాయికి 5 రూపాయలు, ఆ పైన 10 రూపాయలు. నేను ఎప్పుడూ పోస్టల్ ఆర్డర్ జత చేస్తాను, నంబరు నోట్ చేసుకుంటాను. తెల్ల రేషన్ కార్డు దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నట్టు రుజువుగా చూపించగలిగిన వాళ్ళకు ఫీజే లేదు. సమాచారం ఎందుకు కావాలో చెప్పనక్కర్లేదని సెక్షన్ 6(2) స్పష్టంగా అంటోంది, ఎవరైనా అడిగితే ఆ నంబరు చెప్పండి. తప్పు ఆఫీసుకు వేసినా నష్టం లేదు, అయిదు రోజుల్లో సరైన చోటికి వాళ్ళే బదిలీ చేయాలి. జవాబుకు గడువు 30 రోజులు. గడువు దాటాక ఇస్తే కాగితాలకు డబ్బు తీసుకోకూడదు.

రెండోసారి నేను బోల్తా పడ్డాను. కార్యం అయింది కదా అన్న ధైర్యంతో, కాలనీ నీటి సరఫరా గురించి "మా వీధికి నీళ్ళు ఎందుకు తక్కువ వస్తున్నాయి? మీరు ఎందుకు పట్టించుకోవడం లేదు?" అని రాశాను. కారణాలు, అభిప్రాయాలు సమాచారం కిందికి రావని జవాబు వచ్చింది. కోపం వచ్చింది కానీ వాళ్ళు చెప్పింది చట్ట ప్రకారం సబబే. రికార్డులో ఉన్నదాన్నే ఇవ్వాలి, లేనిదాన్ని కొత్తగా తయారుచేసి ఇవ్వాల్సిన పని లేదని 2011లో సుప్రీంకోర్టు కూడా ఒక తీర్పులో చెప్పింది. అందుకే ఇప్పుడు "ఎందుకు" అన్న మాట నా దరఖాస్తుల్లో ఉండదు. ఎప్పుడు, ఎవరు, ఏ నంబరు, ఏ రిజిస్టర్, నకలు ఇవ్వండి. "నా ఫలానా తేదీ ఫిర్యాదు మీద రోజువారీగా తీసుకున్న చర్యలు, నోట్‌ఫైలు నకలుతో సహా" (నోట్‌ఫైలు అంటే ఫైలు మీద అధికారులు రాసుకునే నోట్లు) అన్న ఒక్క వాక్యం పది ప్రశ్నల పెట్టు.

ఈ పద్ధతి నాకు అన్నిటికంటే బాగా కలిసొచ్చింది కరెంటు బిల్లు దగ్గర.

2022లో మా ఫ్లాట్‌కు వరసగా రెండు నెలలు కనీస బిల్లు వచ్చింది. బిల్లు మీద "డోర్ లాక్" అని ఉంది. మూడో నెలలో 510 యూనిట్లు ఒకేసారి వేశారు. మా వాడకం నెలకు 170 దాటదు. ఆ ఏప్రిల్ నుంచి వచ్చిన రేట్ల ప్రకారం 170 యూనిట్లకు విద్యుత్ చార్జీ 676 రూపాయలు (మొదటి వంద 3.40 చొప్పున, మిగతా డెబ్బై 4.80 చొప్పున), అంటే మూడు నెలలకు 2,028. అదే 510 యూనిట్లూ ఒకే నెలలో కాలినట్టు లెక్కిస్తే మొదటి యూనిట్ నుంచే రేటు 5.10 అవుతుంది, తర్వాత 7.70, 9.00, 9.50 అంటూ ఎక్కుతుంది. మొత్తం 3,735. తేడా 1,707 రూపాయలు. పోతే పోనీలే అనుకునే మొత్తమే. కానీ మా బిల్డింగ్‌లో ఇరవై ఫ్లాట్లు ఉంటే పదకొండు ఫ్లాట్లకు ఇలాగే జరిగింది.

సెక్షన్ ఆఫీసుకు వెళ్తే "తాళం వేసి ఉంటే రీడింగ్ ఎలా తీస్తారు" అన్నారు. ఆ మాట మా వాచ్‌మన్‌కు చెప్పాను. ఆయన నన్ను సెల్లార్‌లోకి తీసుకెళ్ళి ప్యానెల్ బోర్డు ముందు నిలబెట్టాడు. ఇరవై మీటర్లూ అక్కడే, పార్కింగ్ పక్కనే, ఎర్ర లైట్లు మిణుకుమిణుకుమంటూ ఉన్నాయి. "డోర్ లాక్ అని ఎట్ల రాస్తరు మేడమ్, మీటర్లన్నీ కిందనే ఉన్నయ్ గదా. గేటు పొద్దుగాల అయిదింటికి తీస్త, రాత్రి దాంక మళ్ళ వెయ్య" అన్నాడు. ఫోన్‌లో ఫొటోలు తీశాను, బోర్డు, దాని పక్కన గేటు, రెండూ ఒకే ఫ్రేములో పడేట్టు.

ఫిర్యాదు రాసి రసీదు తీసుకున్నాను. పది రోజులు ఆగి, ఆ ఫిర్యాదు మీద చర్యలూ, మా బిల్డింగ్ సర్వీసులన్నిటి ఆ మూడు నెలల రీడింగ్ రికార్డూ సమాచార హక్కు కింద అడిగాను. వచ్చిన కాగితాల్లో పదకొండు సర్వీసులకూ వరసగా "డోర్ లాక్" ఉంది, పక్కనే అదే బోర్డు మీదున్న మిగతా తొమ్మిదింటికి అదే రోజున రీడింగ్ ఉంది. అదొక్కటి చాలు. ఆ కాగితాలతో విద్యుత్ వినియోగదారుల ఫిర్యాదుల పరిష్కార వేదికకు వెళ్ళాం. 2003 విద్యుత్ చట్టం సెక్షన్ 42(5) కింద ప్రతి పంపిణీ సంస్థకు ఈ వేదిక ఉండి తీరాలి. లాయర్ అక్కర్లేదు. నేనే మాట్లాడాను, చేతులు వణికాయి, అయినా మాట్లాడాను. యూనిట్లను మూడు నెలలకు పంచి బిల్లు సవరించమని ఆర్డర్ వచ్చింది. అక్కడ న్యాయం జరగకపోతే విద్యుత్ అంబుడ్స్‌మన్ ఉన్నారు, ఆయన్ను నియమించేది రెగ్యులేటరీ కమిషన్. వివాదం నడుస్తుండగా లైన్ కట్ చేస్తారేమో అని మా పై ఫ్లాట్ ఆంటీకి ఒకటే టెన్షన్. బకాయికి కట్ చేయాలన్నా రాతపూర్వకంగా 15 రోజుల నోటీసు ఇవ్వాలి. అభ్యంతరం తెలుపుతూ అడిగిన మొత్తం గానీ, గత ఆరు నెలల సగటు లెక్కన గానీ, ఏది తక్కువైతే అది కడితే వివాదం తేలేదాకా తీయకూడదు. అదే విద్యుత్ చట్టం సెక్షన్ 56 చదివి వినిపించాక ఆవిడ కుదుటపడ్డారు.

ఇంకో విషయం, చాలామంది వాడనిది: ఫైలును వెళ్ళి చూసే హక్కు. పైపులైన్ కోసం మా వీధి తవ్వి అలాగే వదిలేసినప్పుడు ఎస్టిమేట్, కొలతల పుస్తకం అడిగాను. 164 పేజీలు, పేజీకి 2 రూపాయల చొప్పున 328 కట్టమన్నారు. కట్టేదాన్నే, కానీ ముందు చూస్తానని రాశాను. మొదటి గంట ఉచితం, తర్వాత ప్రతి పావుగంటకు 5 రూపాయలు. ఒక మూల బల్ల దగ్గర కుర్చీ వేశారు. ట్యాగు వేసిన లావుపాటి ఫైలు, చివర్లు నలిగిపోయిన నోట్‌షీట్లు, పచ్చ సిరా సంతకాలు. నలభై నిమిషాలకు కొలతల పుస్తకంలో మా వీధి పేరు దొరికింది. 180 మీటర్ల మేర తారు రోడ్డు పునరుద్ధరించినట్టు కొలిచి రాసి ఉంది. ఆ పొద్దున ఆ వీధిలోనే మోకాళ్ళ దాకా చీర ఎత్తిపట్టుకుని బురదలో నడిచి వచ్చాను నేను. మూడు పేజీలకు ధ్రువీకరించిన నకళ్ళు తీసుకున్నాను, 6 రూపాయలు.

అయితే రోడ్డు పడటానికి అక్కడి నుంచి ఇంకా పద్నాలుగు నెలలు పట్టింది. ఈ చట్టం కాగితం చేతికిస్తుంది గానీ పని చేయించి పెట్టదు. కాగితం పట్టుకుని మళ్ళీ తిరగాల్సింది మనమే, ఓపిక ఉండాలి. నాకు ఉద్యోగం ఉంది, చదువు ఉంది. మా వాచ్‌మన్‌కు ఆ వీలు ఎక్కడిది? ఆయన ఊళ్ళో భూమి కాగితం కోసం దరఖాస్తు నేను రాసిచ్చాను. రాసిపెట్టే మనిషి దొరకని వాళ్ళు ఎంతమంది ఉన్నారో తలుచుకుంటే బాధగా ఉంటుంది.

అసలు లోపం పైన ఉంది. జవాబు రాకపోతే అదే ఆఫీసులో పై అధికారికి 30 రోజుల్లో మొదటి అప్పీలు, అక్కడా కాకపోతే 90 రోజుల్లో సమాచార కమిషన్‌కు రెండో అప్పీలు. జవాబివ్వని అధికారికి రోజుకు 250 చొప్పున 25,000 దాకా జరిమానా వేయగలిగేది కమిషనే. ఆ భయమే ఈ చట్టానికి వెన్నెముక. అలాంటిది 2023 ఫిబ్రవరి నుంచి 2025 మే దాకా మన రాష్ట్ర కమిషన్‌లో ఒక్క కమిషనర్ కూడా లేరు. ఆ రోజుల్లో నాకు రెండో అప్పీలు అవసరం పడలేదు. కానీ కింది ఆఫీసుల్లో మాట తీరు మారడం నాకు తెలిసింది. "అప్పీలుకు వెళ్ళండి మేడమ్" అని ఒకాయన ఎంత నింపాదిగా అన్నాడో ఇంకా చెవుల్లోనే ఉంది. దీనికి తోడు 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా చట్టం, సమాచార హక్కు చట్టంలో వ్యక్తిగత సమాచారానికి మినహాయింపు ఇచ్చే సెక్షన్ 8(1)(జె)ని మార్చేసింది. విస్తృత ప్రజా ప్రయోజనం ఉంటే వ్యక్తిగత సమాచారమైనా ఇవ్వాలన్న మాట ఆ క్లాజులోంచి పోయింది. ప్రజా ప్రయోజనం ఎక్కువైతే మినహాయింపు ఉన్న సమాచారమైనా ఇవ్వొచ్చనే 8(2) మిగిలి ఉంది కాబట్టి ఇప్పుడు ప్రజా ప్రయోజనం ఏమిటో దరఖాస్తులో ఆ సెక్షన్ పేరుతోనే రాస్తున్నాను.

ప్రైవేటు కంపెనీలకు సమాచార హక్కు చట్టం నేరుగా వర్తించదు. మొబైల్ బిల్లు, ఇంటర్నెట్ బిల్లు గొడవలకు ముందు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి, తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. వస్తువుకో సేవకో మీరు కట్టిన సొమ్ము 5 లక్షల లోపైతే కేసు ఫీజు లేదు.

కొత్తగా మొదలుపెట్టే వాళ్ళు మూడు ప్రశ్నలకు మించి రాయకండి. స్పీడ్ పోస్టులో రిజిస్ట్రేషన్ చేయించి పంపండి (పాత రిజిస్టర్డ్ పోస్టు 2025లో అందులోనే కలిసిపోయింది), అందినట్టు సంతకమై వచ్చే కార్డు జాగ్రత్త చేయండి. నా కార్డులన్నీ అమ్మ తన పెన్షన్ పుస్తకం ఉన్న స్టీలు డబ్బాలోనే పెడుతుంది. పోయిన నెల వీధి దీపాల గురించి వేసిన దరఖాస్తు కార్డు కూడా నిన్న అందులోకే చేరింది. ఇవాళ్టికి పంతొమ్మిదో రోజు.