మూడేళ్లు వాడాక చెబుతున్నాను: స్టాప్ మోషన్ నేపథ్యాలకు అరటి నార కాగితం

పాలకొల్లులో మా ఇంటి వెనక గదిలో మూడేళ్లుగా పిల్లల కోసం స్టాప్ మోషన్ కథలు తీస్తున్నాను, అంటే బొమ్మను కొద్దికొద్దిగా కదుపుతూ ఒక్కో ఫొటో తీసి, వాటిని వరసగా ఆడించి బొమ్మ కదిలినట్టు చూపడం. ఇప్పటికి మూడు పూర్తయ్యాయి. మూడూ కలిపి 11 నిమిషాలు, సెకనుకు 12 ఫొటోల లెక్కన దాదాపు 8,000 ఫొటోలు. వాటిలో బొమ్మల వెనక కనిపించే ఆకాశం, గోదావరి, ఏటిగట్టు అన్నీ నేను చేతితో చేసిన కాగితమే.

మొదట్లో చార్టు పేపరు వాడాను. లైటు పడితే ఒకే రంగు గోడలా కనిపించేది, లోతు ఉండేది కాదు. ఫ్లెక్సు ప్రింటు చేయించి చూశాను. దాని మెరుపు కెమెరాలోకి కొట్టింది. చేతి కాగితం మీద పక్కనుంచి లైటు వేసిన రోజున మాత్రం బొమ్మను కదపడం మరిచిపోయి కాసేపు అలా చూస్తూ ఉండిపోయాను. నార ఎత్తుపల్లాల వెంట సన్నని నీడలు పరుచుకుని, రంగేమీ వేయకుండానే తెల్లవారుజాము మంచు పట్టిన ఆకాశం కనిపించింది.

గెల కొట్టేశాక నరికి పడేసిన అరటి బోదెలకు మా వైపు కొదవ లేదు. డొప్పలు విడదీసి, వేలి కణుపంత ముక్కలు కోసి, బట్టల సోడా వేసిన నీళ్లలో నాలుగు గంటలు ఉడికిస్తాను. నీళ్లు తేటపడేదాకా కడిగి, రోట్లో దంచి, అప్పుడు కొద్దికొద్దిగా మిక్సీలో వేస్తాను. నార ఒక్కటే అయితే కాగితం పెళుసుగా, గరగరలాడుతూ వస్తుంది. పాత నూలు పంచెల గుజ్జు మూడో వంతు కలిపితే మెత్తదనం వస్తుంది. వరిగడ్డితోనూ చేశాను. అది పొలం గట్లకు, మట్టి దారులకు బాగుంటుంది కానీ ఆకాశానికి పనికిరాదు. ఏడాదిలోపే పచ్చబడిపోతుంది.

కొత్తగా చేసేవారు నార పొడవు చూసుకోవాలి. నా బొమ్మలు ఆరు అంగుళాలు. అయిదున్నర అడుగుల మనిషికి అది పదకొండో వంతు. అంటే కాగితంలో రెండు సెంటీమీటర్ల నారపోగు ఉంటే తెరమీద జానెడు కర్రలా కనిపిస్తుంది. నా మొదటి కథలో పడవవాడి తల వెనక ఆకాశంలో అలాంటి పోగు ఒకటి ఉండిపోయింది. చూసిన పిల్లలందరూ అది పామా అని అడిగారు. అప్పటినుంచి ఆకాశానికి వాడే గుజ్జును రెండింతల సేపు దంచుతున్నాను.

ఇక అసలు సమస్య తేమ. డెల్టాలో ఉన్నవారు ఈ భాగం వదలకుండా చదవండి.

రెండో కథలో నరసాపురం రేవు నుంచి సఖినేటిపల్లికి పంటు (జనాన్ని, బళ్లను ఏరు దాటించే పెద్ద పడవ) దాటే దృశ్యం ఉంది. ఇరవై సెకన్లు, 240 ఫొటోలు. సాయంత్రానికి 150 తీసి లైట్లు ఆర్పేశాను. రాత్రి వాన పడింది. పొద్దున్నే మిగతావి తీసి వరసగా ఆడించి చూస్తే, పంటు ఏటి నడుమకు వచ్చేసరికి అవతలి గట్టు ఒక్కసారిగా పైకి లేచింది. కాగితం తేమ పీల్చి మధ్యలో ఉబ్బింది. స్కేలు పెట్టి కొలిస్తే మూడు మిల్లీమీటర్లు. మిల్లు కాగితంలో నార ఎక్కువగా ఒకే దిక్కుకు ఉంటుంది కనుక అది ముఖ్యంగా ఒకవైపే సాగుతుంది. చేతి కాగితంలో నార నలుదిక్కులా అల్లుకుని ఉంటుంది, అందుకే అన్ని వైపులా సాగి నడుమ పొంగుతుంది. ఆ 240 ఫొటోలూ పక్కన పెట్టి మళ్లీ మొదలుపెట్టాను. బాధ కలిగింది, కానీ తెలిసీ ఆ గట్టును అలా వదిలేయడానికి మనసు ఒప్పలేదు.

ఇప్పుడు కాగితాన్ని తడిపి ప్లైవుడ్ చెక్కకు మైదా జిగురుతో అంటిస్తున్నాను. చెక్క వెనక వైపు కూడా అదే కాగితం అంటించాలి. లేకపోతే ఆరేటప్పుడు కాగితం బిగుసుకుని చెక్కనే వంచుతుంది. రెండు వైపులా లాగుడు సమానమైతే నిలబడుతుంది. జిగురులో పుస్తకాలు బైండు చేసేవారిలా చిటికెడు మైలుతుత్తం కలుపుతాను, పురుగు పట్టదు. అది విషం కనుక పిల్లలకు అందనివ్వకండి. వేడెక్కే హాలోజెన్ లైట్లు తీసేసి ఎల్‌ఈడీలు పెట్టాను. అయినా లైట్లు వేసిన మొదటి అరగంటలో ఒక్క ఫొటో కూడా తీయను, కాగితం సర్దుకోవాలి. ఒక దృశ్యం మొదలుపెడితే ఆ రోజే ముగిస్తాను. ఈ జాగ్రత్తలతో మూడో కథ మొత్తంలో గట్టు ఒక్కసారి కూడా కదలలేదు.

గుజ్జు కలిపిన నీళ్లలో ముంచి షీటు ఎత్తే నా జల్లెడ చట్రం ఏ3 సైజు. మూడడుగుల నేపథ్యానికి షీట్లు అతకాల్సిందే. కత్తెర వాడకూడదు. తడి కుంచెతో గీత గీసి, ఆ గీత వెంట మెల్లగా చింపితే అంచున నారపోగులు నూగులా నిలుస్తాయి. రెండు నూగు అంచులను ఒకదానిమీద ఒకటి వేసి గంజి రాసి నొక్కితే, ఆరాక అతుకు ఎక్కడుందో నాకే దొరకదు. ఒక్కో షీటు ఆరాక 30 గ్రాములు తూగేలా చూసుకుంటాను, అంటే దాదాపు 240 జీఎస్ఎం (చదరపు మీటరుకు 240 గ్రాములు). అంతకంటే పలుచనైతే తడిపి అంటించేటప్పుడు చిరుగుతుంది.

నీటి అలలు ఎలా చేయాలో తోచక చాలా రోజులు అవస్థపడ్డాను. మా వీధిలో లేసు అల్లే పిన్ని దగ్గరకు వెళ్లి తడి కాగితం మీద లేసు నొక్కితే ఎలా ఉంటుందని అడిగాను. "సన్నదారం పనికి అచ్చు పడదమ్మా, ఈ లావుదారం ముక్క పట్టుకెళ్లు" అని పాత టేబుల్ గుడ్డ అంచు కత్తిరించి ఇచ్చింది. దాన్ని తడి షీటు మీద పరిచి, పైన బరువు పెట్టి, సగం ఆరాక తీశాను. గవ్వల వరసల్లాంటి అచ్చు పడింది. పక్కనుంచి లైటును కొంచెం కొంచెంగా జరుపుతూ ఫొటోలు తీస్తే నీళ్లు మెరుస్తూ కదిలాయి. మూడేళ్లలో నాకు అన్నిటికంటే ఇష్టమైన ఆరు సెకన్లు అవే.

రంగుల విషయంలో పసుపును నమ్మకండి. అది వెలుగుకు వెలిసిపోతుంది, దృశ్యం మొదట్లో ఉన్న సాయంకాలం చివరికి ఉండదు. నీలిమందు నిలిచింది, టీ డికాక్షన్ ఫరవాలేదు. గోదావరి ఒండ్రు గుజ్జులో కలిపితే బరువుకు అడుక్కు దిగి షీటుకు ఒకవైపే పడుతుంది. చట్రం ముంచే ప్రతిసారీ చేత్తో కలియబెట్టాలి.

ఖర్చు తక్కువే, సమయమే ఎక్కువ పడుతుంది. ఇద్దరం కూర్చుంటే రోజుకు పన్నెండు షీట్లు. వానాకాలంలో చేస్తే ఆరడానికి మూడు రోజులు పట్టి బూజు వస్తుంది, కనుక జనవరి నుంచి మార్చి దాకానే చేస్తాను. వారంలో వీడియో తయారు కావాలనుకునేవారికి దీన్ని సిఫారసు చేయను. ఒకే కథ మీద ఆరు నెలలు ఉండగలవారు తప్పక చేయండి.

నాలుగో కథకు వరద గోదావరి కావాలి. ఆగస్టులో ఎర్రనీరు తీశాక రేవు మెట్ల మీద మిగిలిన ఒండ్రు తెచ్చి, ఎండబెట్టి జల్లించాను. రెండు డబ్బాలు అటక మీద ఉన్నాయి. సంక్రాంతి వెళ్లగానే బోదెలు కోయడం మొదలుపెడతాను.